చేపలకు సెలవు దినములు

రాయచూరు చరిత్ర అనగానే మనవారికి మొదట గుర్తుకు వచ్చేది కోట. కాకతీయుల కాలంలో 1294లో వెలసిన ఆ కోట కోసం విజయనగరం వారు, బహమనీలు, బిజాపురం వారు ఎన్నిమార్లు కొట్టుకున్నారో, 1520లో కృష్ణదేవరాయలు దానిని ఎట్లు చేజిక్కించుకున్నాడో మనలో తెలియనివారు లేరు. ఆ కథ నేను మరల చెప్పబోవటం లేదు. ఒక ప్రక్క కృష్ణ, ఒక ప్రక్క తుంగభద్ర ఉండబట్టి ఈ సీమకు అంతర్వేది అని పేరు. నది ఉన్నచోట చేప ఉంటుంది, చేప ఉన్నచోట పట్టేవాడు ఉంటాడు. ఆ పట్టేవానితో "ఈ దినాలలో పట్టవద్దు, ఇంతకు మించి పట్టవద్దు" అని ఎవరు చెప్పారు, ఎప్పుడు చెప్పారు, ముఖ్యంగా ఎవరికి చెప్పారు అన్నది నా వ్యాస విషయం.

నేను పండితుణ్ణి కాను. మెట్రిక్ తో చదువు ఆపి రైల్వేలో గుమాస్తాగా చేరినవాణ్ణి. ఆదివారం డ్యూటీ లేకపోతే గాలం, ఎర డబ్బా సంచిలో వేసుకొని కాలువ గట్టున కూర్చోవటం నాకున్న ఒకే ఒక వ్యసనం. నాతోపాటు మరి నలుగురు ఉన్నారు, నలుగురూ మన క్యాంపుల వారే. బెండు మునిగినప్పుడు కలిగే ఆనందం ఎట్టిదో అనుభవించినవారికే తెలుసు, తక్కినవారికి అది సోమరితనంగా కనబడుతుంది.

ఆరేండ్ల క్రిందట జ్యేష్ఠమాసం చివర మొదటివాన గట్టిగా కురిసింది. మేము కూర్చునే చోటికి దిగువగా ఒక వాగు కాలువ మురుగులో కలుస్తుంది. ఆ వాగులో మోకాలి లోతు ఎర్రనీటికి చేపలు ఎదురెక్కుతున్నవి. గాలంతో పని లేకపోయింది. తువ్వాలు అడ్డం పెట్టినా పడుతున్నవి. అయిదుగురం కలిసి రెండు గోతాల నిండా పట్టాము. ఇంటికి తెచ్చి కోస్తే కడుపు నిండా గుడ్లు. ఇరుగుపొరుగు వారందరికీ పంచినా మిగిలిపోయినవి, మరునాడు సగానికి సగం గుంట తవ్వి పూడ్చాము. ఆ రోజు గట్టు మీద వల ఆరవేసుకుంటున్న బెస్త ముసలాయన మమ్ములను చూచి, "ఏం రైలు సామీ, పురిటికి పుట్టింటికి పోయే ఆడపిల్లను దారిలో పట్టుకుంటారా?" అన్నాడు. మేము నవ్వాము. తరువాత రెండేండ్లు ఆ వాగులో అరచేతి పొడవు చేప కూడా కనబడలేదు. అప్పటి నుంచి ఆయన మాట నన్ను వదలలేదు. సెలవు దొరికినప్పుడల్లా గ్రంథాలయంలో ఈ సంగతి వెదకటం మొదలుపెట్టాను.

వెదకగా మొదటి ఆధారం మన జిల్లాలోనే మొదలయింది. మస్కి దగ్గర 1915లో బీడన్ అనే బంగారు గనుల ఇంజనీరు రాతి మీద బ్రాహ్మీ లిపిలో ఒక శాసనం చూశాడు. అంతవరకు దొరికిన ఇట్టి శాసనాలలో దేవానాం ప్రియుడు, ప్రియదర్శి అనే బిరుదులే తప్ప రాజు పేరు లేదు. మస్కి రాయి మీద అశోకుడని పేరే ఉన్నది. దేశం నలుమూలలా ఉన్న ఆ శాసనాలు ఎవరివో సందేహం లేకుండా తేల్చింది మన జిల్లా రాయి.

అయితే ఆ రాజు వేటను గూర్చి ఏమన్నాడో తెలియాలంటే మస్కి చాలదు. రాయచూరులో మద్రాసు వైపు బండి ఎక్కి, గుంతకల్లు దాటి గుత్తిలో దిగాలి. అక్కడికి సమీపాన కర్నూలు జిల్లాలో ఎర్రగుడి దగ్గరి బండల మీద అశోకుని పదునాలుగు శాసనాలు ఉన్నవి. 1929లో అను ఘోష్ అనే భూగర్భ శాస్త్రజ్ఞుడు వాటిని కనుగొన్నాడు. మొదటి శాసనంలో రాజు తన వంటశాల లెక్క చెబుతాడు. పూర్వం కూరల కోసం దినదినం లక్షలకొలది ప్రాణులను చంపేవారట. శాసనం వ్రాయించేనాటికి అవి మూడుకు దిగినవి. రెండు నెమళ్ళు, ఒక లేడి. ఆ లేడి కూడా ప్రతిదినం కాదు. ముందు ముందు ఈ మూడింటిని కూడా చంపబోమన్నాడు. ఎనిమిదవ శాసనంలో, పూర్వపు రాజులు విహారయాత్రలని బయలుదేరి వేటలాడేవారనీ, తాను పట్టాభిషేకమైన పదేండ్లకు వాటికి బదులు ధర్మయాత్రలు చేశాననీ చెబుతాడు.

ఊరివారి చేపల మాట అటు తరువాత, పట్టాభిషేకమైన ఇరవయ్యారేండ్లకు, ఐదవ స్తంభ శాసనంలో వస్తుంది. నిజం చెప్పాలంటే ఆ స్తంభాలు మన వైపు లేవు. ఢిల్లీలోను, అలహాబాదులోను, బీహారులో లౌరియా దగ్గరను ఉన్నవి. చంపరాని ప్రాణుల పట్టిక ఒకటి అందులో ఉన్నది. చిలుకలు, గోరువంకలు, తాబేళ్ళతోపాటు కొన్ని చేపజాతులు కూడా ఆ పట్టికలో చేరినవి. ఆపైన తేదీలు చెప్పాడు. మూడు చాతుర్మాస్య పూర్ణిమలకు, తిష్య పూర్ణిమకు, ఒక్కొక్కదానికి మూడేసి దినాలు, అనగా చతుర్దశి, పూర్ణిమ, పాడ్యమి, ఇవికాక ప్రతి ఉపవాస దినం నాడు చేపను చంపరాదు, అమ్మరాదు. ఆ దినాలలోనే ఏనుగుల అడవులలోను, కైవర్తుల భోగాలలోను తక్కిన ప్రాణులను కూడా ముట్టరాదు. కైవర్తుల భోగమంటే బెస్తవారికి వేటకై విడిచిన నీళ్ళు. అమ్మరాదు అన్న మాట గమనించండి. పట్టటం ఒక్కటే ఆపి అంగడి తెరిచి ఉంచితే నిషేధం ఎంత నిలుస్తుందో పార్సిల్ కిటికీ దగ్గర కూర్చునే నాబోటివానికి చెప్పనక్కరలేదు.

దీనిని చేపల చట్టంగా చదివినవారు సుందర్ లాల్ హోరా. ఈయన చేపల శాస్త్రంలో పేరుమోసినవాడు, భారత జంతుశాస్త్ర పరిశోధన శాఖకు డైరెక్టరు. 1950 ప్రాంతంలో ప్రాచీనుల మత్స్యజ్ఞానం మీద వ్యాసాలు వ్రాసి, ఈ శాసనాన్ని శాస్త్రజ్ఞుల దృష్టికి తెచ్చాడు. మూడు చాతుర్మాస్యాలలో ఒకటి ఆషాఢ పూర్ణిమ. శీలవతి, మోసు వంటి చేపలు ఎదురెక్కి, వరద పారిన మెరక నీళ్ళలో గుడ్లు పెట్టేది సరిగ్గా ఆ వానల కాలంలోనే. అశోకుడు దానిని ధర్మం కొరకు పెట్టాడో, చేప కొరకు పెట్టాడో నేను తేల్చలేను. చేపకు మాత్రం రెండూ ఒకటే.

ఇక మన సీమను ఏలిన మరొక రాజు వద్దకు వద్దాము. కల్యాణి చాళుక్యుడు మూడవ సోమేశ్వరుడు పన్నెండవ శతాబ్ది మొదటి భాగంలో మానసోల్లాసమనే పెద్ద సంస్కృత గ్రంథం చేశాడు. నూరు అధ్యాయాలు. వాటిలో ఇరువది వినోదాలకు కేటాయించాడు. ఆ వినోదాలలో ఒకటి మత్స్యవినోదం, అనగా సాక్షాత్తూ మన గాలం వేట. చేపలను సముద్రపువనీ నదులవనీ, పొలుసు ఉన్నవనీ లేనివనీ విడదీసి, ముప్పైకి పైగా జాతులు చెప్పి, దేనికి ఏ మేత ఇష్టమో, దారం ఎట్లు పేనాలో, ముందుగా మేత చల్లి చేపను ఒకచోటికి ఎట్లు మరపాలో వివరించాడు. నువ్వుల తెలకపిండి, సెనగపిండి ముద్దలు ఆనాడే ఉన్నవి. మా బృందంలో ఒకాయన ఏదో పరమ రహస్యం వలె తెలకపిండి ముద్దలు చేసుకొని వస్తాడు. తొమ్మిది వందల ఏండ్ల క్రిందటే రాజుగారు దానిని పుస్తకంలో పెట్టారని చెబితే ఆయన ముఖం చిన్నబోయింది. అశోకుడు తన వినోదానికి కట్టడి పెట్టుకున్నవాడు, సోమేశ్వరుడు వినోదానికి శాస్త్రం వ్రాసినవాడు. మన ఆదివారం మనుషులందరం సోమేశ్వరుని వంశమే.

తేదీలతో పనిలేని నిషేధం కూడా ఒకటి ఉన్నది. శృంగేరి వెళ్ళినవారు స్నానఘట్టం మెట్ల దగ్గర తుంగలో గుంపులు గుంపులుగా తిరిగే పెద్ద చేపలకు మరమరాలు వేసే ఉంటారు. అక్కడ వాటిని ఎవ్వరూ పట్టరు. ఆ నీరే భద్రతో కలిసి మన వైపు వస్తుంది.

ఇంగ్లీషువారి కాలానికి వస్తే, 1873లో రెండు పుస్తకాలు వెలువడినవి. ఒకటి డాక్టరు ఫ్రాన్సిస్ డే వ్రాసిన మంచినీటి చేపల నివేదిక. సన్నకన్ను వలలు, మావులు పిల్లచేపను ఎట్లు ఊడ్చివేస్తున్నవో, ఆనకట్టలు ఎదురెక్కే చేపకు దారి ఎట్లు మూసివేస్తున్నవో అందులో చెప్పాడు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయిన తరువాత పులస సంగతి గోదావరి వారికి నేను చెప్పాలా! రెండవది మంగళూరులో అచ్చయిన హెన్రీ సల్లివాన్ థామస్ పుస్తకం. ఈయన మద్రాసు సివిల్ సర్వీసు ఉద్యోగి, గాలం అంటే ప్రాణం పెట్టేవాడు. పిల్లచేప నాశనాన్ని గూర్చి ఈయనదీ అదే గోడు.

చివరకు 1897లో ఇండియా చేపల చట్టం, నాలుగవ నంబరుది, వచ్చింది. నీటిలో డైనమైటు పేల్చినా, విషం కలిపినా రెండు నెలల వరకు ఖైదు గాని, రెండు వందల రూపాయల వరకు జరిమానా గాని పడుతుంది. వల కన్ను ఎంత ఉండాలో నిర్ణయించే అధికారం, అవసరమైతే ఫలానా నీటిలో రెండేండ్లకు మించకుండా వేట మొత్తం ఆపే అధికారం ప్రాంతీయ ప్రభుత్వాలకు ఇచ్చారు. కాని మన నది వింత చూడండి. కుడిగట్టు మద్రాసు రాజధానిది, ఎడమగట్టు నిజాముగారిది. 1853లో ఇంగ్లీషువారికి పోయిన రాయచూరు అంతర్వేది 1860లోనే తిరిగి నిజాము చేతికి వచ్చింది. కనుక 1897 చట్టం కుడిగట్టున చెల్లుతుంది, ఎడమగట్టున చెల్లదు. 1871లో బొంబాయి పట్టాలు, మద్రాసు పట్టాలు రాయచూరులో కలిసినవి. పట్టాలు కలిసినా చట్టాలు కలవలేదు. గట్టు మారినందువల్ల చేప మారదు గదా.

ఇంతవరకు చెప్పింది పరుల మాట. ఇక మన మాట. 1953లో తుంగభద్ర డ్యాము నీరు వదలిన తరువాత ఎడమకాలువ వెంట కృష్ణా, గుంటూరు, గోదావరి జిల్లాల నుంచి మనవారు వచ్చి సింధనూరు, మాన్వి, గంగావతి ప్రాంతాలలో క్యాంపులు వేసుకున్నారు. నాగలి పట్టినవారి కథ మనం ప్రతి ఉగాదికి చెప్పుకుంటాము. వల పట్టినవారి కథ చెప్పుకోము. డ్యాము వెనుక ఏర్పడిన సముద్రమంత నీటికి ఆంధ్రదేశం నుంచి జాలరులు కూడా వలస వచ్చారు. తమతో అలివి వల తెచ్చారు. ఒడ్డుకు ఈడ్చే ఆ పెద్దవల కన్ను బహు సన్నం. చిన్న చిన్న చేపలతోపాటు బొచ్చె, శీలవతి పిల్లలు కూడా అందులో వస్తవి. మత్స్య పరిశోధకులు ఆ వలను తప్పుపట్టారు. తప్పు ఉన్నది, మనవారని వెనుకేసుకు రాను. కాని ఎండుచేప అమ్మితే గాని ఆ పూట పొయ్యి వెలగని వాని వల కన్ను కొలిచినవారు, మేము ఆనాడు పూడ్చిపెట్టిన గోతాలను కొలవలేదు. వాడు పట్టింది అమ్ముకున్నాడు. మేము పట్టింది పాతిపెట్టాము. వాని పేరు నివేదికలకు ఎక్కింది, మాది ఎక్కలేదు.

వినోదపు వేటకే ముందు కట్టడి పెట్టిన దేశాలు ఉన్నవి. ఇంగ్లండులో 1878 చట్టం నదులలోని మామూలు చేపలకు మార్చి నడిమి నుంచి జూన్ నడిమి వరకు విరామం ఇచ్చింది. మా పినతండ్రి కుమారుడు ఉద్యోగం మీద అమెరికాలో మిన్నెసోటా రాష్ట్రంలో ఉంటున్నాడు. ఉత్తరాన చలిదేశం, పదివేల సరస్సుల నాడని దానికి పేరు. మంచు కరిగిన వెంటనే వాలై అనే చేప గుడ్లు పెడుతుంది. అందువల్ల మే నడిమి వరకు దానిపై గాలం వేయరాదు. ఆ గడువు తీరిన శనివారం వారికి పండుగ వంటిదట. గాలానికి లైసెన్సు, రోజుకు ఇన్ని చేపలే అని లెక్క, కొన్ని సరస్సులలో పొడవుకు కొలత. మా వాడు పడవలో కొలబద్ద పెట్టుకొని, అంగుళం తక్కువైనందుకు చేతికి వచ్చిన చేపను నీటిలో వదిలాడట. ఫోనులో ఇది విని మా పిన్ని, "అంత దూరం పోయి చేపను వదిలిపెట్టటం నేర్చుకున్నావా నాయనా" అన్నది.

వదిలిపెట్టినా అన్నివేళలా సరిపోదు. 1946లో మైసూరు సీమలోని కబినిలో వాన్ ఇంగెన్ దొర గాలానికి సుమారు నూట ఇరవై పౌన్ల మహశీరు పడింది. కావేరిలోని ఆ మూపుర మహశీరు జాతి 2018లో, అంతరించిపోయే అంచున ఉన్న ప్రాణుల పట్టికకు ఎక్కింది. ఆ నదిలో గాలమువారు పట్టి మరల వదిలే పద్ధతి ఏండ్ల తరబడి పాటించారు. అయినను డైనమైటు, వేరే జాతి మహశీరు పిల్లలను తెచ్చి వదలటం, ఆనకట్టలు, ఇవన్నీ కలిసి దానిని అంతదూరం తెచ్చినవి.

ఈ సంగతులన్నీ పోయిన మాఘమాసంలో మా గాలం బృందం ముందు పెట్టాను. జ్యేష్ఠంలో మొదటివాన పడిన నాటి నుంచి శ్రావణం పోయేవరకు గాలాలు అటక మీద పెడదామనీ, తక్కిన దినాలలో మనిషికి నాలుగు చేపలకు మించవద్దనీ అన్నాను. నాలుగు అన్న లెక్కకు శాస్త్రం ఏమీ లేదు, నా ఇంట్లో తినేవారము నలుగురము. ఇద్దరు సరేనన్నారు. తెలకపిండి ఆయన, "బెస్తవాళ్ళు పడుతుంటే మనం కూర్చొని చూడాలా?" అని లేచిపోయాడు. అయిదవవాడు ఆలోచించి చెబుతానన్నాడు. ఇంకా చెప్పలేదు.

మొన్న కాలువ గట్టున ఆ ముసలాయన కనబడ్డాడు. "తాతా, ఈ ఏడు ఎదురెక్కేటప్పుడు మేము రాము" అన్నాను. వల భుజాన సర్దుకొని, "మీ క్యాంపులందరూనా, మీరేనా?" అని అడిగాడు. ప్రస్తుతానికి ముగ్గురమన్నాను. "వాగు మీద మూడు తువ్వాళ్ళు తక్కువ" అని లెక్క వేసుకుంటూ వెళ్ళిపోయాడు.