గ్రామము పక్షమున పలుకువారెవరు?

బేతంచెర్ల నాపరాయి నెరుగని గృహిణి రాయలసీమలో అరుదు. మన వంటయిండ్ల నేల ఆ రాయియే. మా పాఠశాల వసారాయు నదియే. ఆ రాతిని త్రవ్వి దూరప్రాంతములకు పంపు గ్రామములు తమ బాటకును, మంచినీటికిని ఎవరి నడుగవలెను? ఈ ప్రశ్నకు ఒక్కొక్క కాలమున ఒక్కొక్క సమాధానముండెను.

1871 నాటి మద్రాసు లోకల్ ఫండు చట్టము ననుసరించి, రైతు చెల్లించు శిస్తుపై రూపాయ కొక అణాకు మించకుండ బాటల పన్ను విధించిరి. ఆ సొమ్మును వ్యయపరచు బోర్డునకు కలెక్టరే అధ్యక్షుడు. సభ్యులను దొరతనమువారే నియమించిరి. పన్ను ఊరిది, నిర్ణయము కచ్చేరిది. 1882లో రిప్పన్ ప్రభువు స్థానిక స్వపరిపాలనమును గూర్చి తీర్మానము ప్రకటించిన పిమ్మట, 1884లో జిల్లా బోర్డులు, తాలూకా బోర్డులు, వాని క్రింద యూనియనులు ఏర్పడినవి. యూనియను పంచాయితీలో గ్రామ మునసబునకు ఉద్యోగమును బట్టియే స్థానము లభించెడిది. శిస్తు వసూలు చేయువాడే శిస్తు చెల్లించువాని పక్షమున కూర్చుండెనన్నమాట! 1920 నాటి చట్టము ఎన్నికలను విస్తరింపజేసెను గాని, బోర్డుల ఓటు పన్నును, ఆస్తిని బట్టియే యుండెను. రాళ్లు కొట్టు కూలివానికి అందు తావు లేదు. 1934లో తాలూకా బోర్డులను రద్దు చేయగా, పల్లెకు దగ్గరి మెట్టొకటి విరిగిపోయినది.

స్వరాజ్యము వచ్చిన తరువాతి మార్పులలో నాకు మిక్కిలి విచారింపదగినదిగా తోచునది 1959 నాటిది. ఆ సంవత్సరము అక్టోబరు 11న షాద్‌నగరులో నెహ్రూగారు మన రాష్ట్రమున పంచాయితీ రాజ్యమును ప్రారంభించిరి. నాటి పంచాయితీ సమితిలో ఊరి సర్పంచియే సభ్యుడు. సమితి అధ్యక్షుడు జిల్లా పరిషత్తులో సభ్యుడు. ఊరిమాట ఒక్క మనిషి నోటనే పైకి పోయెడిది. ఆ మనిషి సాధారణముగా ఊరి పెద్దరైతే యగుట మరువరాదు. స్త్రీలను, షెడ్యూల్డు కులములవారిని తక్కిన సభ్యులు కోఆప్టు చేసికొనెడివారు. అనగా వారు సభలో అతిథులవలె నుండిరి.

73వ రాజ్యాంగ సవరణ 1993 ఏప్రిలులో అమలునకు వచ్చినది. మన రాష్ట్ర చట్టము 1994లో వెలువడినది. అతిథులకు కుర్చీలు హక్కుగా లభించినవి. స్త్రీలకు మొదట మూడవవంతు, 2011లో సగము. (కుర్చీ ఆమెది, కూర్చుండునది భర్త యను చోట్లు కలవు, అది చట్టపు లోపము కాదు, మన యిండ్ల లోపము.) కాని మండల పరిషత్తునకు వేరుగా ప్రాదేశిక సభ్యుల నెన్నుకొనుటచే సర్పంచి అచట ఆహ్వానితుడు మాత్ర మైనాడు, మాటాడవచ్చును, ఓటు వేయరాదు. నీటికొరకు ఊరు మొదట తట్టునది ఆతని తలుపునే.

బేతంచెర్లలో ఈ చిక్కు మరింత బిగిసినది. ఊరు నగర పంచాయితీగా మారి, 2021 నవంబరులో 20 వార్డులకు ఎన్నిక జరిగినది. పట్టణవాసి మండల పరిషత్తు ఓటరు కాకపోయెను. చుట్టుపట్ల పల్లెలు మండలములోనే నిలిచినవి. లారీ నడచు బాట మాత్రము రెంటికిని ఒక్కటే. 2022 ఏప్రిలులో బేతంచెర్ల క్రొత్త నంద్యాల జిల్లాలో చేరినది. అప్పటికే ఎన్నికైన జిల్లా పరిషత్తు కర్నూలునందే కొనసాగుటచే, పల్లెవాడు కలెక్టరునకు అర్జీ యిచ్చుటకు నంద్యాలకును, తన ప్రతినిధి కూర్చున్న సభ జూచుటకు కర్నూలునకును పోవలసివచ్చెను.