రాజు హృదయం ఎవరి చేతిలో ఉంది?

సామెతలు 21:1 మన ఆత్రేయపురం ప్రాంతంవారికి సులభంగా అర్థమయ్యే వచనం. రాజు హృదయాన్ని జ్ఞాని అక్కడ నీటి కాలువతో పోల్చాడు. అది యెహోవా చేతిలో ఉంటుంది, ఆయన ఇష్టప్రకారం తిరుగుతుంది. బొబ్బర్లంక నుంచి వచ్చే కాలువ ఎంత జోరుగా పారినా, లొల్ల లాకుల దగ్గర ఏ పాయకు ఎంత నీరు వెళ్లాలో ఆ నీరు నిర్ణయించుకోదు. తలుపులు ఎత్తే చెయ్యి వేరు. అధికారంలో ఉన్నవారి విషయమూ ఇంతేనని వాక్యం మనకు నేర్పుతోంది.

దేవుణ్ణి ఎరుగని కోరెషును దేవుడే పేరుపెట్టి పిలిచి తన ప్రజల విడుదలకు వాడుకున్నాడు (యెషయా 45). గర్వించిన నెబుకద్నెజరు పశువులా గడ్డి మేశాక గాని, రాజ్యాలు ఎవరివో తెలుసుకోలేదు (దానియేలు 4). తనకున్న అధికారం పైనుండి వచ్చినదేనని పిలాతు మన ప్రభువు నోటనే విన్నాడు (యోహాను 19:11).

ఇదే సత్యం తెలుగు సంఘ చరిత్రలోనూ కనబడుతుంది. ఒకప్పుడు ఈస్టిండియా కంపెనీ తన ఏలుబడిలో మిషనరీలను స్వేచ్ఛగా పనిచేయనివ్వలేదు. అందుకే విలియం కేరీ 1800లో డేన్ల పాలనలో ఉన్న శ్రీరాంపూర్‌కు చేరాడు. కంపెనీ మూసిన తలుపును 1813లో లండన్ పార్లమెంటు చట్టమే తెరిచింది. శ్రీరాంపూర్ ముద్రణాలయం నుంచి 1818లో తెలుగు కొత్త నిబంధన వెలువడింది. 1836లో విలియం బౌడెన్, జార్జి బీర్ కుటుంబాలు మన దేశానికి వచ్చాయి. వారికి జీతం హామీ ఇచ్చిన సంస్థ ఏదీ లేదు. నర్సాపురం, పాలకొల్లు కేంద్రాలుగా వారు మొదలుపెట్టిన పనే గోదావరి డెల్టా మిషన్ అయింది.

ఆ రోజుల్లోనే ఈ సీమ 1832–33 కరువునూ, 1839 తుఫానునూ చూసింది. శిస్తు లెక్కలు చూసుకునే అదే కంపెనీ ప్రభుత్వం, చివరకు సర్ ఆర్థర్ కాటన్ ప్రతిపాదనకు ఒప్పుకుంది. 1847లో మొదలైన ధవళేశ్వరం ఆనకట్ట 1852కు పూర్తయింది. 1858లో కంపెనీ పాలన ముగిసింది. కాలువలు నేటికీ మన చేలకు నీరిస్తున్నాయి. కాటన్ దొరను మనం కృతజ్ఞతతో తలచుకోవడం న్యాయమే. అయితే వర్షమిచ్చేవాడు దేవుడు. మేలుచేసిన పాలకుణ్ణి సైతం దేవుని స్థానంలో నిలబెట్టకూడదు.

ఈ విశ్వాసాన్ని రెండు విధాలుగా అపార్థం చేసుకుంటాం. పాలకులు చేసేదంతా దేవుని ఆమోదం పొందినదే అనుకోవడం మొదటిది. అష్షూరును తన చేతికర్రగా వాడుకున్న దేవుడే దాని గర్వాన్ని శిక్షించాడు. అన్యాయపు చట్టాలు చేసేవారికి శ్రమ అని ప్రకటించాడు (యెషయా 10). అన్నీ దేవుడే చూసుకుంటాడని చేతులు ముడుచుకోవడం రెండవది. తాను రోములో సాక్ష్యమివ్వాలని ప్రభువు చెప్పాడని పౌలుకు తెలుసు. అయినా ఫేస్తు ఎదుట కైసరుకే అప్పీలు చేసుకున్నాడు (అపొ. కార్యములు 23, 25). చట్టం ఇచ్చిన దారిని వాడుకోవడం అవిశ్వాసం కాదు.

మన సంఘాల్లో చాలా కుటుంబాలకు ఇది పుస్తకంలోని మాట కాదు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డు కులాల హోదాను హిందువులకే పరిమితం చేసింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు, క్రైస్తవులను చేర్చలేదు. మన రాష్ట్రంలో దళిత క్రైస్తవులు బీసీ–సి వర్గంలో ఉన్నారు. పిల్లవాడి చదువుకు కులధ్రువీకరణ పత్రం కావలసి వచ్చినప్పుడు, విశ్వాసాన్ని బయటకు చెప్పాలా వద్దా అనే మథన ఆ ఇళ్లలో మొదలవుతుంది. వారిని తప్పుపట్టడం తేలిక. వారి భారాన్ని పంచుకోవడమే సంఘధర్మం. న్యాయం కోసం అర్జీలు పెడదాం, న్యాయస్థానాల్లో అడుగుదాం. తీర్పు ఎటు వచ్చినా మన పేర్లు ఏ పుస్తకంలో వ్రాయబడ్డాయో మరువకుండా ఉందాం.

కాబట్టి ప్రియులారా, ఏ పార్టీ గెలిచినా పొంగిపోవద్దు, ఏ ప్రభుత్వం వచ్చినా కుంగిపోవద్దు. పౌలు తిమోతికి నేర్పినట్టు (1 తిమోతి 2) ఈ ఆదివారం ఆరాధనలో పంచాయతీ సభ్యులు మొదలు ప్రధానమంత్రి వరకు అధికారులందరి కోసం ప్రార్థించుదాం. మనం ఓటు వేయనివారి కోసం కూడా. వారి హృదయాలను న్యాయం వైపు తిప్పగలవాడు సింహాసనం మీద ఉన్నాడు. ఆయనకే మహిమ కలుగును గాక. ఆమేన్.