నైతికత పుట్టుక

నైతికత పుట్టుక అనేది మంచిచెడుల వివేచన మనిషికి ఎలా అబ్బిందో పరిశోధించే అధ్యయనాంశం. తత్త్వశాస్త్రం, జీవశాస్త్రం, మనస్తత్వశాస్త్రం ఇందులో కలుస్తాయి.

డేవిడ్ హ్యూమ్ (1711–1776) నైతికత మూలాన్ని మనోభావాల్లో చూశాడు. ఇమాన్యుయెల్ కాంట్ 1785లో హేతువులో వెతికాడు. చర్చను ప్రకృతిశాస్త్రంలోకి గట్టిగా లాగినవాడు చార్లెస్ డార్విన్. గుంపుగా బతికే జంతువుల సాంఘిక సహజాతాలకు మనిషి స్థాయి బుద్ధి తోడైతే అంతరాత్మ ఏర్పడక తప్పదని 1871లో ‘ది డిసెంట్ ఆఫ్ మ్యాన్’లో వాదించాడు. అయితే తనకు నష్టం తెచ్చే త్యాగగుణం తరాలు దాటి ఎలా నిలుస్తుంది? ఆ చిక్కుముడికి 1964లో డబ్ల్యు. డి. హామిల్టన్ రక్తసంబంధంతోనూ, 1971లో రాబర్ట్ ట్రివర్స్ పరస్పర సహాయంతోనూ జవాబిచ్చారు.

ప్రయోగాల్లో బాగా పేరుపొందినది సారా బ్రాస్నన్, ఫ్రాన్స్ డి వాల్ 2003లో ప్రచురించినది. ఒకే పనికి పక్క కోతికి ద్రాక్షపండు, తమకు దోసకాయ ముక్క దక్కినప్పుడు కపుచిన్ కోతులు తరచు ఆ ముక్కను తిరస్కరించాయి. అది న్యాయబుద్ధా, ఒట్టి ఆశాభంగమా అన్న వివాదం నేటికీ తెగలేదు.

సంస్కృతి పాత్ర కూడా చిన్నది కాదు. జోసెఫ్ హెన్రిచ్ బృందం 15 చిన్న సమాజాల్లో ఆడించిన డబ్బు పంపకపు ఆట ఫలితాలు 2001లో వెలువడ్డాయి. పెరూలోని మచిగెంగాలు సగటున 26 శాతం, ఇండోనేషియాలోని లామలెరా తిమింగలాల వేటగాళ్లు 58 శాతం ఎదుటివారికి ఇవ్వజూపారు.