సెటప్ షీట్లో లేని పేరు

ఆన్‌సైట్‌లో ఉన్న రోజుల్లో, ఇండియా తిరిగి వెళ్ళిపోతున్న ఓ కొలీగ్ తన సామానంతా అమ్మేస్తుంటే, కుక్కర్ కొందామని వెళ్ళి కారు కొనుక్కొచ్చాను. నిజం కారు కాదు లెండి, రిమోట్‌తో నడిచే నైట్రో టూరింగ్ కారు. అసలు కారులో పదో వంతు సైజు, వెడల్పు 200 మిల్లీమీటర్లు, బరువు రెండు కిలోల లోపు. బ్యాటరీతో తిరిగే మోటార్ కాదు, లోపల నిజంగానే ఇంధనం మండే ఇంజను. ఎంతో తెలుసా? 2.11 సీసీ. మన పాత లూనాదే 50 సీసీ! కానీ ఈ బుల్లి ఇంజను నిమిషానికి 30 వేల చుట్లకి పైనే తిరుగుతుంది. స్టార్ట్ చేస్తే కందిరీగల తుట్టె కదిపినట్టే.

మనకి అప్‌గ్రేడ్ పిచ్చి ఎటూ ఉంది కదా. వారం తిరక్కుండా తళతళలాడే కొత్త ట్యూన్డ్ పైపు (అంటే దీని సైలెన్సర్ అన్నమాట), నైట్రో శాతం ఎక్కువున్న ఇంధనం తెప్పించి, శనివారం పొద్దున్నే బిగించి ట్రాక్ మీదకి వెళ్ళాను. మూడు రౌండ్లు రాకెట్‌లా పోయింది. నాలుగో రౌండులో కీచుమని ఆగిపోయింది. ఇంజను సీజ్!

పక్కన కారు తుడుచుకుంటున్న ఓ పెద్దాయన రెండే ప్రశ్నలు అడిగాడు. హెడ్ టెంపరేచర్ చూశావా? నీడిల్ ఎంత తిప్పావు? రెండింటికీ నా దగ్గర సమాధానం లేదు.

నేను చేసిన తప్పు ఇదీ. ఒక గ్రాము మెథనాల్ మండాలంటే ఆరున్నర గ్రాముల గాలి కావాలి. నైట్రోమీథేన్‌కి 1.7 గ్రాములు చాలు, ఎందుకంటే అది కొంత ఆక్సిజన్‌ని తనతోనే తెచ్చుకుంటుంది. అంచేత నైట్రో శాతం పెంచితే అదే గాలికి ఇంకా ఎక్కువ ఇంధనం పొయ్యాలి, అంటే కార్బ్యురేటర్‌లో నీడిల్ ఇంకాస్త తెరవాలి. నేను తెరవలేదు. ఇంధనంలో కలిపిన నూనే ఈ ఇంజనుకి లూబ్రికేషన్, కాబట్టి ఇంధనం తగ్గితే నూనె కూడా తగ్గినట్టే. ఇంక సీజ్ అవక ఏమవుతుంది!

ఆయన నాకొక ఖాళీ సెటప్ షీట్ ఇచ్చాడు. ఒక్క పేజీ. కాంబర్, టో, డ్రూప్, ఆకర్‌మన్, గేర్లు, టైర్ల గట్టిదనం, గ్లో ప్లగ్, పోర్టింగ్, పైపు... ముందు ఇవన్నీ రాసుకుని, ఒకసారికి ఒక్కటే మార్చి, ఏమైందో చూడమన్నాడు. మనం చేసే డీబగ్గింగ్ కూడా అదే కదా అనుకున్నాను (ఆఫీసులో మాత్రం చేస్తున్నామా ఏంటి!).

ఇంటికొచ్చి షీట్ చూస్తుంటే ఓ ప్రశ్న పట్టుకుంది. ఆకర్‌మన్ అంటే ఎవరు? అక్కడ మొదలైన తవ్వకం చాలా దూరం పోయింది.

కారు మలుపు తిరిగేటప్పుడు లోపలి చక్రం చిన్న వృత్తం మీద, బయటి చక్రం పెద్ద వృత్తం మీద వెళ్తాయి. అందుకని లోపలి చక్రం కొంచెం ఎక్కువ కోణం తిరగాలి. ఆ లెక్కే ఆకర్‌మన్. అయితే దాన్ని కనిపెట్టింది ఆకర్‌మన్ కాదు! మ్యూనిక్‌లో గుర్రబ్బళ్ళు తయారుచేసే గేయోర్గ్ లాంకెన్‌స్పెర్గర్. లండన్‌లో బొమ్మల ప్రింట్లు, పుస్తకాలు అమ్ముకునే రుడాల్ఫ్ ఆకర్‌మన్ ఆయన తరఫు ఏజెంటుగా 1818లో ఇంగ్లండ్‌లో పేటెంట్ తీసుకున్నాడంతే. రెండొందల ఏళ్ళ తర్వాత కూడా షీట్ మీద ఉన్నది ఏజెంటు పేరే.

గ్లో ప్లగ్ సంగతి ఇంకా పాతది. మన బైకుల్లోలాగా ఇందులో స్పార్క్ ఉండదు. ప్లగ్‌లో సన్నటి ప్లాటినం తీగ చుట్ట ఉంటుంది. స్టార్ట్ చేసేటప్పుడు బ్యాటరీతో దాన్ని ఎర్రగా చేసి, తర్వాత బ్యాటరీ తీసేస్తాం. ఆ తర్వాత ఇంజను వేడి, ప్లాటినం మీద మెథనాల్ ఆవిరి జరిపే రసాయన చర్య కలిసి ఆ ఎరుపుని నిలబెడతాయి. వేడి ప్లాటినం తీగ మంట లేకుండానే ఇలా వెలుగుతుందని హంఫ్రీ డేవీ 1817లో గమనించాడు, గని కార్మికుల దీపం మీద పనిచేస్తూ. అది మోడల్ ఇంజనులోకి రావడానికి 130 ఏళ్ళు పట్టింది. 1947లో అమెరికాలో రే ఆర్డెన్ గ్లో ప్లగ్‌ని అమ్మకానికి తెచ్చాడు.

ఇక పోర్టింగ్. టూ స్ట్రోక్ ఇంజనులో కాలిన పొగ బయటికి పోవడం, కొత్త ఇంధనం లోపలికి రావడం దాదాపు ఒకేసారి జరుగుతాయి. కొత్తది కూడా పొగతో పాటే జారుకుంటుంది. 1920లలో జర్మన్ ఇంజనీర్ అడోల్ఫ్ ష్నూర్లె రంధ్రాల కోణం మార్చి, వచ్చే ఇంధనం వెనక గోడని తాకి పైకి లేచి గుండ్రంగా తిరిగేట్టు చేశాడు. 1930లలో డీకేడబ్ల్యూ కంపెనీ ఆ పద్ధతితో మోటార్ సైకిళ్ళు చేసింది. షీట్ మీద ఆయన పేరు ఉంది. న్యాయమే.

మిగిలింది పైపు. అక్కడ ఎవరి పేరూ లేదు. అసలు కథంతా అక్కడే ఉంది.

డీకేడబ్ల్యూ ఫ్యాక్టరీ ఉన్న చోపావ్ ఊరు యుద్ధం తర్వాత తూర్పు జర్మనీలోకి వెళ్ళింది, ఫ్యాక్టరీ పేరు తర్వాత ఎంజడ్ అయింది. 1950ల మొదట్లో అక్కడ రేసింగ్ విభాగానికి వాల్టర్ కాడెన్ వచ్చాడు. యుద్ధకాలంలో హెన్షెల్ కంపెనీ గైడెడ్ బాంబు హెచ్ఎస్ 293 మీద పనిచేసిన ఇంజనీరు. ఉబ్బెత్తు ఎగ్జాస్ట్ పైపు ఆయన సొంత ఆలోచన కాదు, ఎరిక్ వోల్ఫ్ 1951లోనే తన రేసు బైకులకి వాడాడు. కాడెన్ చేసింది దాన్ని కొలవడం. ఆసిలోస్కోప్ పెట్టి పైపులో పీడన తరంగాలు ఎప్పుడు వెళ్తున్నాయో, ఎప్పుడు తిరిగొస్తున్నాయో చూశాడు. జారిపోబోతున్న ఇంధనాన్ని, తిరిగొచ్చే తరంగం సరిగ్గా రంధ్రం మూసుకునే ముందు వెనక్కి నెట్టాలి. అదీ కిటుకు.

మన బుల్లి ఇంజనుకి లెక్కేసి చూడండి. నిమిషానికి 30 వేల చుట్లంటే ఒక చుట్టుకి 2 మిల్లీసెకన్లు. ఎగ్జాస్ట్ రంధ్రం తెరిచి ఉండేది అందులో సగం కంటే కాస్త తక్కువ. తరంగానికి ఉన్న టైము సుమారు 0.8 మిల్లీసెకన్లు. వేడి పొగలో ధ్వని వేగం సెకనుకి 500 మీటర్లనుకుంటే పోనూ రానూ 40 సెంటీమీటర్లు, అంటే పైపులో వెనక కోను దాకా దూరం 20 సెంటీమీటర్లు. స్కేలు పెట్టి కొలిచాను. ఇంచుమించు అంతే ఉంది! ఆ క్షణాన కాడెన్‌కి దణ్ణం పెట్టాననుకోండి.

1961 నాటికి కాడెన్ 125 సీసీ ఇంజను నుంచి 25 హార్స్ పవర్ రాబట్టాడు. లీటరుకి 200 లెక్క. టర్బో, సూపర్‌చార్జర్ లాంటివేవీ లేకుండా అప్పటిదాకా ఎవరూ చేయలేదది. ఆ ఏడు ఎంజడ్ రైడర్ ఎర్న్‌స్ట్ డెగ్నర్ ప్రపంచ చాంపియన్ కాబోతున్నాడు. బెర్లిన్ గోడ మొదలుపెట్టి సరిగ్గా అయిదు వారాలకి, సెప్టెంబర్ 17న, స్వీడన్‌లోని క్రిస్టియన్‌స్టాడ్‌లో రేసు. గెలిస్తే టైటిల్ అతనిదే. మధ్యలో ఇంజను పోయింది. డెగ్నర్ మళ్ళీ తూర్పు జర్మనీ వెళ్ళలేదు. ఆ వారాంతంలోనే భార్యాపిల్లల్ని ఓ కారు డిక్కీలో దాచి సరిహద్దు దాటించారు. సుజుకీతో మాటలు ముందే అయిపోయాయి. కాడెన్ కిటుకులు డెగ్నర్‌తో పాటు జపాన్ చేరాయి. 1962లో 50 సీసీ ప్రపంచ టైటిల్ సుజుకీది, రైడర్ డెగ్నర్.

ఆ పైపు 1960లలోనే మోడల్ విమానాల స్పీడ్ పోటీలకి, అక్కణ్ణుంచి కార్లకి పాకింది. ఎంజడ్‌కి ప్రపంచ టైటిల్ ఎప్పటికీ రాలేదు. కాడెన్ అక్కడే ఉండిపోయి, 1996లో పోయాడు. సుజుకా ట్రాక్‌లో మాత్రం ఇప్పటికీ డెగ్నర్ పేరుతో మలుపుంది, 1962లో అతను అక్కడ పడ్డాడని. 1963లో అదే ట్రాక్ మీద ఒళ్ళంతా కాలింది. 1983లో, 51 ఏళ్ళకే పోయాడు. గోడ అవతల పెళ్ళాం పిల్లలున్నవాణ్ణి దొంగ అనెయ్యడం ఇక్కడ ఏసీలో కూచున్నవాడికి తేలికే. నేను అనను.

ఇంకో దారి కూడా ఉంది లెండి. 1976లో తామియా వాళ్ళు తమ మొదటి రిమోట్ కారు పోర్షే 934ని తెచ్చారు. ఆ మోడల్ కోసం షున్‌సాకు తామియా నిజం పోర్షే 911 ఒకటి డబ్బు పెట్టి కొని, విప్పి, కొలిచాడు. తిరిగి బిగించడానికి పోర్షే మెకానిక్‌లు రావాల్సొచ్చింది. కొని విప్పి నేర్చుకోవడం వేరు, పక్కవాడి లెక్కలు జేబులో పెట్టుకుపోవడం వేరు.

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, నా జేబులోనూ ఒకటుంది. వెనకటి కంపెనీ మానేసేటప్పుడు పెన్‌డ్రైవ్‌లో ఓ స్క్రిప్ట్ పట్టుకొచ్చాను. రాత్రి బిల్డు ఫెయిలైతే లాగ్‌లన్నీ వెతికి కారణం చెప్పేది. రాసింది మా సీనియర్ ఒకాయన. నాకేం తుపాకులు కాపలా లేవు, డిక్కీలో ఎవర్నీ దాచలేదు. కొత్త చోట దాన్ని నడిపితే మేనేజర్ టీమందరికీ మెయిల్ పెట్టి మెచ్చుకున్నాడు. ఫైలు మొదట్లో ఆయన పేరున్న కామెంట్ లైను అప్పటికే తీసేశాను.

కాడెన్ కథ చదివిన వారానికి ఆయనకి ఫోన్ చేసి చెప్పేశాను. కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత అడిగాడు: "అది సరేనయ్యా, నెల మారినప్పుడు అది తేదీ తప్పు చదువుతుంది. నువ్వొచ్చేసేటప్పటికి నేనింకా సరిచెయ్యలేదు. నువ్వు చేశావా?"

ఆ సంగతే నాకు తెలీదు. ఏడాదిగా అలాగే నడుపుతున్నాను.