చిత్తూరు పేరే ఇంటిపేరైన నాగయ్య

చిత్తూరు: జిల్లా పేరును యావద్దక్షిణ భారతానికి పరిచయం చేసిన నటుడు చిత్తూరు వి. నాగయ్య. ఆయన స్వస్థలం మాత్రం ఈ జిల్లా కాదు. అసలు పేరు ఉప్పలదడియం నాగయ్య. 1904 మార్చి 28న రేపల్లెలో జన్మించారు. ఆయనను నటునిగా తీర్చిదిద్దినది చిత్తూరు రంగస్థలమే.

రామవిలాస సభలో తొలి అడుగులు

చిత్తూరులోని రామవిలాస సభ ప్రదర్శించిన 'సారంగధర' నాటకంలో బాల్యంలోనే చిత్రాంగి పాత్ర ధరించి ప్రశంసలు పొందారు. సంగీతంలోనూ ప్రావీణ్యం సంపాదించారు. జీవనోపాధి కోసం గుమాస్తాగా, ఆంధ్రపత్రిక విలేకరిగా పనిచేశారు. జాతీయోద్యమం వైపు ఆకర్షితులయ్యారు.

భక్త పాత్రలకు చిరునామా

1938లో 'గృహలక్ష్మి'తో వెండితెరపై అడుగుపెట్టారు. మరుసటి ఏడాది బి.ఎన్.రెడ్డి దర్శకత్వంలో వచ్చిన 'వందేమాతరం'తో కథానాయకుడయ్యారు. కె.వి.రెడ్డి రూపొందించిన 'భక్త పోతన' (1943), 'యోగి వేమన' (1947) ఆయన కీర్తిని శిఖరాగ్రానికి చేర్చాయి. 1946లో 'త్యాగయ్య' చిత్రాన్ని స్వీయ దర్శకత్వంలో నిర్మించి, సంగీతం సమకూర్చి, తానే త్యాగరాజుగా నటించారు. తమిళ 'మీరా' (1945)లో ఎం.ఎస్.సుబ్బులక్ష్మి సరసన రాణా పాత్ర పోషించారు.

నాయకుడి నుంచి తండ్రి పాత్రలకు

తరం మారింది. తెరపై కొత్త నాయకులు వచ్చారు. నాగయ్య నటనకు దూరం కాలేదు, పాత్ర చిన్నదని చిన్నబుచ్చుకోనూ లేదు. 'పాండురంగ మహత్యం' (1957)లో ఎన్టీఆర్‌కు తండ్రిగా, 'సీతారామ కల్యాణం' (1961)లో దశరథునిగా, 'లవకుశ' (1963)లో వాల్మీకిగా ప్రేక్షకుల కంట తడి పెట్టించారు. మెల్లగా పలికే మాట, నిండైన కరుణ ఆయన ప్రత్యేకత. నేటికీ ఆ పాత్రల్లో మరొకరిని ఊహించుకోవడం కష్టం.

ఇచ్చే చేయి ఖాళీ అయింది

అగ్రనటునిగా ఆర్జించినదంతా దానధర్మాలకు, సొంత చిత్రాలకు వెచ్చించారు. ఇంటికి వచ్చినవారిని వట్టి చేతులతో పంపలేదని నాటి తరం చెప్పుకునేది. 1964లో స్వీయ దర్శకత్వంలో 'రామదాసు' తీశారు. మరుసటి ఏడాది భారత ప్రభుత్వం పద్మశ్రీతో సత్కరించింది. బిరుదు వచ్చినా ఆర్థిక ఇబ్బందులు తీరలేదు. చివరి వరకు చిన్నాచితకా పాత్రలు వేస్తూనే 1973 డిసెంబరు 30న మద్రాసులో కన్నుమూశారు.

చిత్తూరు పట్టణంలో నాగయ్య కళాక్షేత్రం ఆయన పేరిట వెలసింది. పరిచయం లేని బాలునికి ఒకనాడు ఇక్కడి నాటక సమాజం వేదికనిచ్చింది. ఆ కుర్రవాడు బదులుగా ఊరి పేరునే తన పేరుకు ముందు ధరించి రుణం తీర్చుకున్నాడు.