మన యింటి శనివారము

శనివారము మన యిండ్లలో ననాదిగా నున్నదని పెద్దలు నమ్ముదురు. తలంటునకును, ఒక్కపొద్దునకును, వేంకటేశ్వరుని పూజకును ఆ దినము సృష్టితోడనే యేర్పడెనని వారి తలంపు. చరిత్రమును పరిశీలించినచో నీ నమ్మకము నిలువదు. వేదములయందు నక్షత్రములు కలవు, అమావాస్యా పూర్ణిమలు కలవు; వారముల పేళ్లు లేవు. వేదాంగ జ్యోతిషమునందును లేవు. వారము పేరు గల మన శాసనములలో మిక్కిలి పురాతనమైనదిగా పండితులు చెప్పునది మధ్యప్రదేశమునందలి యేరణ్ అను గ్రామమున, బుధగుప్తుని కాలమున, క్రీ. శ. 484లో వేయబడినది. అందు పేర్కొనబడినదియు గురువారమే గాని శనివారము కాదు.

ఈ వారముల క్రమ మెట్లు వచ్చెనో చదువరులలో ననేకులకు తెలియకపోవచ్చును. గ్రహములను మందగమనము మొదలుకొని శీఘ్రగమనము వఱకు వరుసగా నిలిపినచో శని, గురుడు, కుజుడు, రవి, శుక్రుడు, బుధుడు, చంద్రుడు అని యగును. దినమునకు హోరలు ఇరువది నాలుగు. హోర యనుమాటయే యవనులనుండి వచ్చినది. ఒక్కొక్క హోరకు నొక్కొక్క గ్రహ మధిపతియై, తొలి హోర యధిపతి పేరే ఆ దినమునకు వచ్చును. ఇరువది నాలుగింటిని ఏడుచేత భాగింప మూడు మిగులును గనుక, మఱునాటి తొలి హోర వరుసలో నాలుగవ గ్రహమునకు జెందును. శని తరువాత రవి, రవి తరువాత చంద్రుడు. ఇట్లు వారమంతయు తేలును. ఆర్యభటుడు క్రీ. శ. 499 నాటి తన గ్రంథమున నీ లెక్కను చెప్పియే యున్నాడు. మా తరగతిలో పిల్లలు దీనిని నల్లబల్లమీద పావుగంటలో సాధింపగలరు. పావుగంట లెక్కకు మన మిన్ని శతాబ్దములు భయపడుచు వచ్చితిమి!

భయమును వయస్సుల వారీగా పంచిపెట్టుటయు మనవారు మఱువలేదు. శని సూర్యుని జుట్టి వచ్చుటకు ఇంచుమించు ఇరువది తొమ్మిదిన్నర సంవత్సరములు పట్టును. అందుచే నొక్కొక్క రాశిలో రెండున్నర యేండ్లుండును. మూడు రాశులకు ఏడున్నర యేండ్లు. ఇదియే యేలినాటి శని. దీర్ఘాయుష్మంతుడు దీనిని మూడు మారులు చూచును. మొదటిది మంగు శని యనియు, రెండవది పొంగు శని యనియు, మూడవది మృత్యు శని యనియు పేళ్లు పెట్టిరి. యౌవనమున నష్టము, నడివయస్సున లాభము, వార్ధకమున మరణము అనుట జీవితమును చూచి చెప్పినమాట. దానికి గ్రహ మక్కఱలేదు. ఒకే యింటిలో నొకే శనివారము నలుగురకు నాలుగు విధములుగా గడచుచుండుట నిజమే. అందులకు హేతువు ఆకాశమునందు గాక శాస్త్రకారుల యొద్దను, సర్కారు చట్టములయందును, మిల్లు కూతయందును, మన వంటయింటియందును వెదుకవలెను.

పసిబిడ్డకు శనివారము లేదు. వానికి నిత్యము నూనె రాచి లాల పోయుదురు. నడక వచ్చి, తల్లి చేతినుండి తప్పించుకొని పరుగెత్తగలిగిన నాడు వానికి శనివారము మొదలగును. మన దక్షిణదేశపు టిండ్లలో పురుషులకు బుధ శనివారములును, స్త్రీలకు మంగళ శుక్రవారములును తలంటునకు విధించిరి. శనివారము తెల్లవారకముందే కుంకుడుకాయలు కొట్టి, గింజలు తీసి, వేడినీళ్లలో నానవేసి పిసుకవలెను. కాగు క్రింద పిడకలు రాజవేయవలెను. నువ్వులనూనె గోరువెచ్చ చేసి మాడున పెట్టి, ఒడలెల్ల పట్టించి, సున్నిపిండితో నలిచి, కుంకుడుపులుసుతో తల రుద్ది, నీళ్లు పోసి, సాంబ్రాణిపొగ పట్టవలెను. కండ్లలో పులుసు పడి పిల్లవాడు వీధి దద్దరిల్ల నేడ్చును. ఇంటిలో నలుగురు మగపిల్లలున్న యెడల తల్లికి జాము ప్రొద్దెక్కును. వారి తండ్రి వంతు తరువాత వచ్చును.

వీధిబడి కాలమున బాలునకు శనివారము సెలవు కాదు. పాడ్యమి, అష్టమి, చతుర్దశి, అమావాస్య, పూర్ణిమలు అనధ్యయన దినములు. బడి తిథిని చూచి మూయబడెడిది గాని వారమును చూచి కాదు. 1823లో బళ్లారి కలెక్టరు క్యాంబెల్ దొర తన జిల్లా బడులను గూర్చి మద్రాసు ప్రభుత్వమునకు వ్రాసిన నివేదిక ప్రసిద్ధము. తెల్లవారి మొదట వచ్చిన బాలుని యరచేత సరస్వతి పేరు వ్రాయుదురనియు, రెండవవానికి సున్న చుట్టుదురనియు, మూడవవానినుండి దెబ్బలు మొదలగుననియు నాతడు వ్రాసెను. శనివారము అభ్యంగనమునకై నిలిచి యాలస్యముగా వచ్చిన బాలుని చేతిపై నేమి పడియుండునో చదువరు లూహింతురు గాక. ఆ జిల్లాలో 533 బడులుండగా 6,641 మంది చదువుచుండిరి. వారిలో బాలికలు 60 మంది. తక్కిన బాలికలు శనివారములందు తమ్ముల తలలకు కుంకుళ్లు పిసుకుట నేర్చుకొనుచుండిరని చెప్పినచో నంతగా తప్పుకాదు.

శనివార మపరాహ్ణము తీరికయను భావము మనకు ఇంగ్లండునుండి వచ్చినది. అచ్చటను నది దయచేత పుట్టలేదు. నూలుమిల్లులలో స్త్రీలును, చిన్నవారును శనివారము రెండు గంటల తరువాత పనిచేయరాదని 1850 నాటి చట్టము శాసించెను. మగవారును క్రమముగా దాని నీడన చేరిరి. ఆ మధ్యాహ్నమున మగవాడు ఆటస్థలమునకు పోవుచుండగా, ఆతని భార్య ఇల్లు కడిగి, బట్టలుతుకుచుండెను. ఇచ్చటి మిల్లులలో నింతమాత్రమును లేదు. 1881 చట్టము ఏడేండ్లు నిండిన బిడ్డచేత దినమునకు తొమ్మిది గంటలు పనిచేయించుట కొప్పుకొని, నెలకు నాలుగు సెలవుల నిచ్చెను, పెద్దలకేమియు నీయలేదు. నారాయణ మేఘాజీ లోఖండే గారు బొంబాయి కూలీలను కూడగట్టి పోరాడగా 1890 జూను 10వ తేదీన మిల్లు యజమానులు ఆదివారపు సెలవునకు సమ్మతించిరి. మన పద్మశాలీలు మగ్గము లమ్ముకొని బొంబాయి, షోలాపురములకు పోయి యా మిల్లులలో చేరినవారే గనుక, ఇది పరాయివారి చరిత్ర కాదు. 1946 నాటి సవరణ చట్టముతో గాని వారమునకు నలువది యెనిమిది గంటల మితి రాలేదు.

శనివారము పనిమానుట ధర్మముగా గలవారు మన దేశముననే వెనుకటినుండి కలరు. కొంకణ తీరమున నూనెగానుగలు త్రిప్పి బ్రదికిన యూదులను ఇరుగుపొరుగువారు శనివార తేలీలని పిలిచిరి. శనివారము గానుగ నాపు తెలికలని యర్థము. వారి ధర్మమున నొక విశేషము కలదు. ఆ దినమున యజమానుడే గాక దాసదాసీలును, పశువులును గూడ విశ్రమింపవలెను, నిప్పు రాజవేయరాదు. నిప్పులేనిచో వంటయు లేదు గదా! శుక్రవారము గృహిణి కష్టము రెట్టింపగు మాట నిజమే గాని, సెలవు వంటయింటి గడప దాటి లోపలికి పోవుట మేమెఱిగినంతలో నిచ్చటనే.

మన గుమాస్తాల సెలవు గడప వఱకే వచ్చి యాగెను. ఒంటిపూట కచేరి ముగించుకొని, గొడుగు చంకను బెట్టుకొని, శనివారము రెండు గంటలకు భోజనమునకు వచ్చు యజమానునికై ఇల్లాలు తాను తినక కనిపెట్టుకొని యుండెడిది. ఒక్కపొద్దు పట్టిన యెడల ఆతనికి రాత్రి ఫలహారము వేఱుగా కావలెను. పిల్లలకు అన్నము వేఱుగా కావలెను. ఒక్కపొద్దుండువాడు ఒకడు, రెండు పొయ్యిల యెదుట నిలుచునది మఱియొకతె. 1985లో కేంద్ర ప్రభుత్వ కార్యాలయములకు వారమున కైదు దినముల పని యేర్పడెను. 2015 సెప్టెంబరు 1 నుండి బ్యాంకులు రెండవ, నాలుగవ శనివారములందు మూయబడుచున్నవి. ఈ రెండు మార్పులును మంచివే. ఐనను, మగవాడు రెండు పూట లింట నుండిన, వంట మూడు పూటలగుచున్నదని మా యెఱిగిన గృహిణులందఱును చెప్పుచున్నారు.

ఇది మా యూహయే కాదు. కేంద్ర ప్రభుత్వమువారు ప్రజలు దినమునెట్లు గడుపుదురో లెక్కించి 2019లో నొకసారియు, 2024లో నొకసారియు గణనము చేయించిరి. ఇంటిపని చేయువారిలో 2019లో స్త్రీ దినమునకు 299 నిమిషములును, పురుషుడు 97 నిమిషములును దానికై వెచ్చించిరి. 2024లో స్త్రీ 289, పురుషుడు 88. ఐదేండ్లలో నామె పని పది నిమిషములు తగ్గగా, ఆతని పనియు తొమ్మిది నిమిషములు తగ్గెను. కుంకుళ్లు కొట్టుటకు బదులు షాంపూ పొట్లము వచ్చినది. కాగునకు మాఱుగా గీజరు వచ్చినది. ఆ పది నిమిషములు అందువలన మిగిలినవేమో. ఆతని తొమ్మిది నిమిషములు దేనివలన మిగిలినవో మేము చెప్పలేము.

వెనుకటి శనివారములలో నెల్లవారును మఱచునది యొకటి కలదు. అది విధవ శనివారము. ద్విజుల యిండ్లలో భర్త పోయిన స్త్రీకి, ఆమె పదేండ్ల బాలికయైనను సరే, అభ్యంగనము నిషిద్ధము. ఆమెకు తలపై నూనె లేదు, వెండ్రుకలే లేవు. ఇంటివారందఱి తలంటునకు నీళ్లు తోడి, కాగు క్రింద మంట యెగద్రోయుచు, తాను చన్నీళ్లు పోసికొని మడిబట్ట గట్టుకొనెడిది. శనివారపు టొక్కపొద్దు తక్కినవారికి వ్రతము. ఆమెకు వారమునకు ఏడు దినములును ఒక్కపొద్దే. శ్రమజీవుల కులములలో మారుమనువు వాడుకలో నుండుటచే నక్కడి స్త్రీ యీ విషయమున నింతకంటె నదృష్టవంతురాలు. పండితులమని చెప్పుకొను మేము దీనికి సిగ్గుపడవలసియున్నది. 1856లో పునర్వివాహ చట్టము వచ్చినను తెలుగుదేశమున నది కాగితముమీదనే యుండెను. 1881 డిసెంబరు 11వ తేదీన రాజమహేంద్రవరమున కందుకూరి వీరేశలింగము గారు మొదటి వితంతు వివాహమును జరిపించిరి. ఆ వివాహమును గూర్చి మంత్రములను, బహిష్కారములను, పోలీసు బందోబస్తును చెప్పుదురు. మాకు మాత్రము, ఏండ్ల తరబడి నూనె యెఱుగని తల కొకటికి మంగళస్నానము జరిగినదను సంగతియే ముందుగా తోచును.

పింఛను పుచ్చుకొన్న మగవానికి శనివారము తక్కిన దినములలో కలిసిపోవును. ఉద్యోగ విరమణ వయస్సు ఆంధ్రప్రదేశమున 2014లో అరువదికిని, 2022లో అరువది రెండునకును పెరిగినది. తెలంగాణమున 2021లో అరువది యొకటికి పెరిగినది. ఆ వయస్సు దాటినవాడు నలువది యేండ్లు ఎదురుచూచిన సెలవు వారమంతయు పఱచుకొనగా నేమి చేయుటకును తోచక, శనివారము దేవాలయమునకు పోవ మొదలిడును. వృద్ధురాలికి విరమణ వయస్సును ఏ ప్రభుత్వమును నిర్ణయింపలేదు. ఐనను నామె యిప్పుడిప్పుడే యిల్లు వెడలుచున్నది. తెలంగాణమున 2023 డిసెంబరు 9 నుండియు, ఆంధ్రప్రదేశమున 2025 ఆగష్టు 15 నుండియు ఆర్టీసీ బస్సులలో స్త్రీలకు చార్జీ లేదు. మతబోధకులు చేయలేనిది బస్సు చేసినది.

గౌతమీ తీరమున వాడపల్లిలో వేంకటేశ్వరస్వామికి ఏడు శనివారములు వరుసగా వెళ్లి, వెళ్లినప్పుడెల్ల ఏడు ప్రదక్షిణములు చేయుట మ్రొక్కు. శనివారము తెల్లవారుజామునుండి యచ్చట బస్సులు దిగువారిలో నడివయస్సు దాటిన స్త్రీలే మెండు. మ్రొక్కు ఫలించునో లేదో మేము విచారింపము. ఏడు శనివారములు వారు వంటయింటికి దూరముగా, చెట్టునీడను కూర్చుండి, మఱియొకరు వండిన యన్నమును మఱియొకరు వడ్డింపగా తినుచున్నారు. ఏడవ వారము ముగించుకొని బస్సునకై నిలిచియున్న యొక ముసలమ్మను, ఇకమీద శనివారమేమి చేయుదు వమ్మా యని మేమడిగితిమి.

“ఎనిమిదో వారం మనవలొస్తారు బాబూ, కుంకుళ్లు కొట్టుకోవద్దూ?” అని యామె బస్సెక్కెను.