చరోదా నుంచి విశాఖకు బస్తర్ దారి: ఆరు రోజుల సాహస యాత్రకు ప్రణాళిక ఎలా?

ఛత్తీస్‌గఢ్‌లోని భిలాయి, చరోదా ప్రాంతాల తెలుగు కుటుంబాలకు ఊరికి వెళ్లడమంటే రైలు ప్రయాణమే. రాయ్‌పూర్, మహాసముంద్, టిట్లాగఢ్, రాయగడ మీదుగా విజయనగరం, అక్కడి నుంచి శ్రీకాకుళం వైపో, విశాఖ వైపో. 2024 సెప్టెంబరులో దుర్గ్-విశాఖ వందేభారత్ వచ్చాక ఈ ప్రయాణం సుమారు ఎనిమిది గంటలకు తగ్గింది. పొద్దున బయలుదేరితే మధ్యాహ్నానికి విశాఖ చేరిపోవచ్చు.

అయితే అదే విశాఖకు ఇంకో దారి ఉంది. చరోదా నుంచి దక్షిణంగా బస్తర్‌లోకి దిగి, జలపాతాలు, సున్నపురాతి గుహలు, కొండ శిఖరాలు చూసుకుంటూ జగదల్‌పూర్ చేరి, అక్కడి నుంచి కిరండూల్-కొత్తవలస రైలు మార్గంలో అరకు మీదుగా దిగే దారి. దీనికి ఐదారు రోజులు పడుతుంది. అడవి, గుహలు, నదిలో పడవ నడపడం, పల్లెల్లో బస వంటివాటి కోసం ప్రపంచం నలుమూలల నుంచి మధ్య అమెరికాలోని కోస్టారికాకు వెళ్తుంటారు. భిలాయి ఉక్కు పట్టణం వారికి అలాంటి యాత్ర ఒక పగటి ప్రయాణం దూరంలోనే మొదలవుతుంది. కోస్టారికా వైశాల్యం 51,100 చదరపు కిలోమీటర్లు. విభజనకు ముందున్న పాత బస్తర్ జిల్లా వైశాల్యం 39 వేల చదరపు కిలోమీటర్లు దాటేది. అంటే కేరళ రాష్ట్రం కంటే కాస్త పెద్దది.

ఇంత పెద్ద ప్రాంతంలో ఏం చూడాలన్నది ముందు నిర్ణయించుకుని, తర్వాత సెలవు పెట్టేవారు చాలామంది. నిజానికి ఆ వరుస తిరగబడాలి. బస్తర్ యాత్రలో మొదట తేల్చుకోవాల్సింది ఏ నెలలో వెళ్తున్నామన్నది. దారి, బస, ఖర్చు అన్నీ దాని తర్వాతే.

ఏ కాలంలో ఏం దొరుకుతుంది?

బస్తర్‌లో ఒకే యాత్రలో అన్నీ దొరకవు. జలపాతం నిండుగా ఉన్నప్పుడు గుహ మూసి ఉంటుంది. గుహ తెరిచే నాటికి జలపాతం సన్నబడటం మొదలవుతుంది.

జులై నుంచి సెప్టెంబరు వరకు ఇంద్రావతి నది ఎర్రమట్టి నీటితో ఉప్పొంగుతుంది. జగదల్‌పూర్‌కు సుమారు 38 కిలోమీటర్ల దూరంలోని చిత్రకోట్ జలపాతాన్ని పూర్తి వెడల్పుతో చూడాలంటే ఇదే సమయం. కానీ ఈ నెలల్లో కుటుంసర్ గుహలోకి నీరు చేరుతుంది కాబట్టి సందర్శకులను అనుమతించరు. నదుల్లో పడవలు ఆగిపోతాయి. కొండచరియలు విరిగిపడి కిరండూల్ రైలును దంతెవాడకే పరిమితం చేసే సందర్భాలూ ఉంటాయి. ఇది చూసే కాలమే తప్ప దిగే కాలం కాదు.

నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు గుహలు తెరిచి ఉంటాయి, కాలిబాటలు ఆరిపోతాయి, నదిలో పడవలు నడుస్తాయి. చిత్రకోట్ దిగువన జలపాతం దగ్గరి వరకు పడవలో తీసుకెళ్తారు. సాహస యాత్రకు సరైన కాలం ఇదే. అందులోనూ నవంబరు రెండో సగం మేలు. వాన నీరు పూర్తిగా తగ్గదు, గుహలూ అందుబాటులోకి వస్తాయి. కోస్టారికాకు వెళ్లేవారు కూడా డిసెంబరు-ఏప్రిల్ మధ్య పొడి కాలమా, ఆ తర్వాతి వానకాలమా అన్నది తేల్చుకున్నాకే టికెట్లు కొంటారు.

ఏప్రిల్, మే నెలల్లో ఎండ తీవ్రం. చిత్రకోట్ కొన్ని పాయలుగా చీలిపోతుంది. పిల్లల సెలవులు అప్పుడే కాబట్టి ఆ నెలల్లో బయలుదేరే కుటుంబాలు ఎక్కువ. అనుభవం మాత్రం సగమే దక్కుతుంది. బడి పిల్లలున్నవారికి దీపావళి తర్వాతి వారమో, క్రిస్మస్ సెలవులో నయం.

దసరా రోజుల్లో జగదల్‌పూర్‌లో గది దొరకడం కష్టం. బస్తర్ దసరా 75 రోజుల పాటు సాగే ఉత్సవం. అది రావణ సంహారానికి సంబంధించింది కాదు, దంతేశ్వరి అమ్మవారి పండుగ. చివరి రోజుల్లో పెద్ద చెక్క రథాన్ని లాగుతారు. అది చూడటమే లక్ష్యమైతే తప్ప ఆ రోజుల్లో మిగతా యాత్ర పెట్టుకోకపోవడం మంచిది.

సొంత కారా, రైలా?

చరోదాలో రైల్వే యార్డు ఎంత పెద్దదైనా, అక్కడి నుంచి జగదల్‌పూర్‌కు నేరుగా రైలు మార్గం లేదు. రాజ్‌హరా ఇనుప గనుల వైపు వెళ్లే లైనును రావ్‌ఘాట్ దిశగా పొడిగిస్తున్నారు. రావ్‌ఘాట్-జగదల్‌పూర్ మధ్య 140 కిలోమీటర్ల లైనుకు 2025లో అనుమతి వచ్చింది. అది పూర్తయ్యేదాకా రోడ్డే దిక్కు.

రాయ్‌పూర్ నుంచి జగదల్‌పూర్‌కు 30వ నంబరు జాతీయ రహదారి మీద సుమారు 300 కిలోమీటర్లు. అభన్‌పూర్, ధమ్తరీ, కాంకేర్, కేశ్‌కాల్, కొండగావ్ మీదుగా వెళ్తుంది.

ఇక్కడే ఒక చిక్కు. సొంత కారులో జగదల్‌పూర్ వెళ్లి, అక్కడి నుంచి రైలెక్కితే కారును వెనక్కి తేవడం ఎలా? అందువల్ల రైలు మార్గం కూడా కావాలనుకునేవారు జగదల్‌పూర్ వరకు బస్సులోనో, ఒకవైపు అద్దె కారులోనో వెళ్లి, అక్కడ మూడు రోజులకు స్థానిక వాహనం మాట్లాడుకోవాలి. సొంత బండి వదలలేనివారికి జగదల్‌పూర్ నుంచి కోరాపుట్, సుంకి ఘాట్, సాలూరు మీదుగా విజయనగరం చేరే రోడ్డు ఉంది. మోటారు సైకిళ్ల బృందాలకు ఆ ఘాట్ రోడ్డే ఒక ఆకర్షణ.

ఆరు రోజులు ఇలా

మొదటి రోజు చరోదా నుంచి తెల్లవారుజామునే బయలుదేరాలి. ధమ్తరీ పక్కన మహానదిపై కట్టిన గంగ్రేల్ జలాశయంలో పడవ షికారు ఉంది. అక్కడ రెండు గంటలకు మించి గడిపితే కేశ్‌కాల్ ఘాట్ చేరేసరికి చీకటి పడుతుంది. మలుపులతో నిండిన ఆ ఘాట్‌లో ఖనిజం లారీల రద్దీ ఎక్కువ. పగటిపూటే దాటాలి. కొండగావ్‌లో డోక్రా లోహ శిల్పాలు చేసే కుటుంబాల పనితనాన్ని చూసి, రాత్రికి జగదల్‌పూర్ చేరవచ్చు.

రెండో రోజు చిత్రకోట్‌కు. జలపాతం ఎత్తు సుమారు 29 మీటర్లే. గుర్రపు లాడం ఆకారంలో పరుచుకున్న వెడల్పే దాని ప్రత్యేకత. సాయంత్రపు వెలుగులో చూడటం బాగుంటుంది కాబట్టి ఆ రాత్రి బస అక్కడే పెట్టుకోవచ్చు. ఎగువన బండల మీద నాచు జారుతుంది. ఫొటో కోసం అంచుకు వెళ్లడం ప్రాణాంతకం.

మూడో రోజు కాంగేర్ లోయ జాతీయ ఉద్యానానికి. 1982లో ఏర్పాటైన ఈ ఉద్యానం 2025లో యునెస్కో ప్రపంచ వారసత్వ తాత్కాలిక జాబితాలో చేరింది. ఛత్తీస్‌గఢ్ రాష్ట్ర పక్షి అయిన కొండ గోరువంక ఉండేది ఇక్కడే. కుటుంసర్ గుహలోకి గైడు, దీపం లేకుండా వెళ్లనివ్వరు. ఇరుకైన మెట్ల గుండా దిగాలి. లోపల ఉక్కగా, గాలి తక్కువగా ఉంటుంది. ఉబ్బసం, గుండె జబ్బు, మోకాళ్ల నొప్పులున్నవారు బయటే ఆగడం మేలు. చీకట్లో బతకడానికి అలవాటుపడి చూపు కోల్పోయిన చేపలు ఈ గుహ నీటిలో ఉన్నాయి. సున్నపు స్తంభాలను చేత్తో తాకకూడదు. వేల ఏళ్లుగా బొట్టు బొట్టుగా పెరిగినవి అవి. మధ్యాహ్నం మెట్లు మెట్లుగా దూకే తీరథ్‌గఢ్ జలపాతం చూసి, సాయంత్రానికి ధుడ్‌మారస్ గ్రామానికి చేరుకోవచ్చు.

ఐక్యరాజ్యసమితి పర్యాటక సంస్థ 2024లో తన ఉత్తమ పర్యాటక గ్రామాల అభివృద్ధి కార్యక్రమానికి ధుడ్‌మారస్‌ను ఎంపిక చేసింది. ఇక్కడ ఇళ్లలో బస, నదిలో కయాకింగ్, వెదురు తెప్పల ప్రయాణం ఊరివాళ్లే నడుపుతారు. ప్రయాణికుడు పెట్టే డబ్బు నేరుగా ఆ ఇంటికే చేరుతుంది. కాంగేర్ నీరు శబరిలో కలుస్తుంది. శబరి కూనవరం దగ్గర గోదావరిలో కలుస్తుంది. అక్కడ తెప్ప ఎక్కినవారి కింద పారేది గోదావరికి వెళ్లే నీరే.

నాలుగో రోజు దంతెవాడ వైపు. గీదం నుంచి బార్సూర్‌కు మళ్లితే నాగవంశీయుల కాలపు ఆలయాలు, జంట గణపతి విగ్రహాలు కనిపిస్తాయి. దంతెవాడలో శంఖిని, డంకిని నదుల సంగమం దగ్గర దంతేశ్వరి ఆలయం ఉంది. కాకతీయ ప్రతాపరుద్రుడి తమ్ముడు అన్నమదేవుడు ఓరుగల్లు పతనం తర్వాత ఇటు వచ్చి బస్తర్ రాజ్యాన్ని స్థాపించాడని ఇక్కడి సంప్రదాయం చెబుతుంది. ఆలయంలోకి పురుషులు ప్యాంటుతో వెళ్లకూడదు. పంచె సంచిలో పెట్టుకోవడం మంచిది.

ఐదో రోజు ఉదయం ఢోల్‌కల్ కొండ. ఫరస్‌పాల్ వైపు నుంచి అడవిలో నడిచి ఎక్కాలి. శిఖరం అంచున ఆరుబయట రాతి గణపతి కూర్చుని ఉంటాడు. 2017 జనవరిలో ఈ విగ్రహాన్ని ఎవరో లోయలోకి తోసేయగా, ముక్కలను సేకరించి తిరిగి అతికి నిలబెట్టారు. స్థానిక గైడు లేకుండా ఈ ఎక్కుడు వద్దు. మధ్యాహ్నానికి దిగి జగదల్‌పూర్ చేరుకోవాలి.

ఆరో రోజు రైలు. బైలడిలా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు, అక్కడి నుంచి జపాన్‌కు చేర్చడానికి 1960ల్లో వేసిన మార్గమిది. 58 సొరంగాలున్నాయి. సుమారు 996 మీటర్ల ఎత్తులోని శిమిలిగుడ ఒకప్పుడు దేశంలోనే అత్యంత ఎత్తైన బ్రాడ్‌గేజ్ స్టేషన్. పగటి ప్యాసింజర్‌లో జగదల్‌పూర్ నుంచి విశాఖకు సుమారు పది గంటలు పడుతుంది. విశాఖ వైపు వచ్చేటప్పుడు అందమైన ఘాట్ భాగం చివరన, సాయంత్రం వస్తుంది. శీతాకాలంలో చీకటి త్వరగా పడుతుంది కాబట్టి, ఇంకొక రోజు ఉన్నవారు అరకులో దిగి, మర్నాడు బొర్రా గుహలు చూసుకుని విశాఖ చేరితే ఏ దృశ్యమూ తప్పిపోదు. తిరుగు ప్రయాణానికి దుర్గ్ వందేభారత్ ఉండనే ఉంది.

భద్రత సంగతి

బస్తర్ పేరు వినగానే ఇంట్లో పెద్దవాళ్లు అడిగే మొదటి ప్రశ్న మావోయిస్టుల గురించే. ఆ భయం ఊరికే పుట్టింది కాదు. 2013 మే 25న కాంగ్రెస్ నాయకుల వాహన శ్రేణిపై దాడి జరిగిన ఝీరం లోయ, జగదల్‌పూర్-సుక్మా రోడ్డు మీదే ఉంది. మావోయిస్టు హింసను అంతం చేయడానికి కేంద్రం 2026 మార్చి 31ని గడువుగా పెట్టుకుని వరుస ఆపరేషన్లు చేపట్టింది. జగదల్‌పూర్, చిత్రకోట్, కాంగేర్ లోయ, దంతెవాడ పట్టణం వంటి చోట్లకు పర్యాటకులు నిత్యం వస్తూనే ఉన్నారు.

అయినా కొన్ని నియమాలు తప్పవు. చీకటి పడ్డాక ప్రయాణం పెట్టుకోకూడదు. అబూజ్‌మాడ్, బీజాపూర్, సుక్మా లోపలి అడవులను ఈ యాత్రలో చేర్చకూడదు. నేలలో పాతిన మందుపాతరలు ఏళ్ల తరబడి అలాగే ఉండిపోతాయి కాబట్టి, ఊరివాళ్లు నడిచే బాట వదిలి అడుగు వేయకూడదు. భద్రతా శిబిరాలను ఫొటో తీయకూడదు. అనుమతి లేకుండా డ్రోన్ ఎగరేయకూడదు.

అసలు ముప్పు దోమ

యాత్రికుడికి ఇక్కడ ఎక్కువగా ఎదురయ్యే ప్రమాదం మలేరియా. బస్తర్‌లో ప్రాణాంతకమయ్యే ఫాల్సిపారం రకం ఉంది. దీన్ని తగ్గించడానికి ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం 2020 జనవరిలో మలేరియా రహిత బస్తర్ కార్యక్రమం మొదలుపెట్టింది. దోమతెర, ఒంటికి రాసే మందు, నిండు చేతుల చొక్కా తప్పనిసరి. ముందు జాగ్రత్త మాత్రలు అవసరమా అన్నది బయలుదేరక ముందే వైద్యుడిని అడగాలి. తిరిగొచ్చాక వారం, రెండు వారాల్లో, ఆ తర్వాతైనా సరే, జ్వరం వస్తే రక్తపరీక్ష చేయించుకోవాలి. బస్తర్ వెళ్లొచ్చామని డాక్టరుకు చెప్పాలి. ఆ మాట చెప్పకపోతే మామూలు వైరల్ జ్వరమనుకుని రోజులు గడిచిపోయే ప్రమాదం ఉంది.

దారిలో పెద్ద వైద్యం కావాలంటే జగదల్‌పూర్ దగ్గర డిమ్రాపాల్‌లోని ప్రభుత్వ వైద్య కళాశాల ఆసుపత్రే ఆధారం. అడవి దారుల్లో ఫోన్ సిగ్నల్ తరచూ పోతుంది. ఫోన్‌తో చెల్లింపులు అన్నిచోట్లా పనిచేయవు. నగదు, ముందే దించుకున్న మ్యాపు, నిత్యం వాడే మందులు దగ్గర ఉండాలి.

ఊరి మర్యాద

చరోదాలో పుట్టి పెరిగినవారికి హిందీ, ఛత్తీస్‌గఢీ వస్తాయి కాబట్టి బస్తర్‌లో మాటకు ఇబ్బంది ఉండదు. అక్కడి ఊళ్లలో వినిపించేవి హల్బీ, గోండీ. గోండీ తెలుగుకు చుట్టపు భాషే. వారపు సంతల్లో ఎర్రచీమల పచ్చడి, ఇప్పసారా అమ్ముతారు. సంతలు ఆదివాసుల నిత్యావసరాల చోటు, ప్రదర్శనశాల కాదు. అడగకుండా మనుషుల ఫొటోలు తీయడం, ముఖ్యంగా ఆడవాళ్లవి, అక్కడ గొడవకు దారితీయవచ్చు.

బయలుదేరే ముందురోజు మూడు విషయాలు కనుక్కోవాలి. కాంగేర్ లోయ, కుటుంసర్ గుహ తెరిచి ఉన్నాయా? కిరండూల్ రైలు పూర్తి దూరం నడుస్తోందా? వాన సూచన ఏమైనా ఉందా? ఈ మూడింటిలో ఏది తేడా వచ్చినా, యాత్ర మానుకోనక్కర్లేదు. గుహ రోజును జలపాతానికీ, రైలు రోజును సాలూరు రోడ్డుకూ మార్చుకునేలా గదులు, వాహనం మాట్లాడుకుంటే సరిపోతుంది.